కొంగు మొదట్లో నాలుగు పోగులు

ఆ గుడ్డముక్క నగరి నుంచి బస్సులో పార్సిల్‌గా వచ్చింది. పాత తమిళ పేపర్లో చుట్టి, పురికొసతో కట్టి, పైన మా షాపు పేరును రెండు తప్పులతో రాసి పంపారు. లోపల మూరెడు చీర. బాడీ ఆకుపచ్చ, కొంగు ఎరుపు, అంచులో చిన్న గళ్ళ డిజైను. ఆకుపచ్చ ముగిసి ఎరుపు మొదలయ్యే చోట నాలుగు అడ్డపోగులు తప్పుగా పడ్డాయి. రెండింటిలో బాడీ డిజైను తునక ఉంది. మిగతా రెండూ ఏ డిజైనుకూ చెందవు.

తిరుపతిలో అలిపిరి వెళ్ళే దారిలో, ఒక మందుల షాపు పైన మా షాపు. ముగ్గురం ఉంటాం. మరమగ్గాలకు డాబీ పెట్టెలు తయారుచేస్తాం. ఒక్కో అడ్డపోగు వెళ్ళే ముందు పడుగులో, అంటే నిలువుపోగుల్లో, ఏ పోగులు పైకి లేవాలో, ఏవి కింద ఉండాలో మగ్గానికి చెప్పేది ఆ పెట్టె. పూర్వం ఈ పనిని మేకులు గుచ్చిన చెక్కపలకల గొలుసు చేసేది. డిజైను మారాలంటే ఒక గొలుసు విప్పి ఇంకొకటి తగిలించాలి. మా పెట్టెకు గొలుసు లేదు, బటన్ ఉంది. లోపలి ప్రోగ్రాము నాది. సి భాషలో మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా నేనే రాశాను. ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు, ఎందుకంటే ఇంకొకరి చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు.

నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామును ఎవరూ రాయరు. సీనియర్ రికార్డు పుస్తకంలోంచి ఎక్కిస్తారు. ఆ సీనియర్ తన సీనియర్ రికార్డులోంచి ఎక్కించి ఉంటాడు. అందులో మెమరీ అడిగి తీసుకునే వరుస ఉంటుంది, దొరికిందో లేదో చూసుకునే వరుసా తిరిగి ఇచ్చే వరుసా ఉండవు. ఎప్పుడో ఎవడో అలసిపోయి చివరి పేజీ వదిలేశాడు. ఆనాటి నుంచి వందల మంది ఆ వదిలేయడాన్ని ఎర్రసిరాతో గీతలు కొట్టి, అందంగా మార్జిన్లు గీసి, అప్పజెబుతున్నారు. పరీక్షకు వచ్చిన బయటి కాలేజీ ఆయన నన్ను అడిగింది ఒక్కటే: బొమ్మలో బాణాలు స్కేలుతో ఎందుకు గీయలేదు? అప్పటి నుంచి నాకు ఈ మనుషుల మీద గౌరవం లేదు. దాచుకోను కూడా.

షాపులో నేనొక నోటుబుక్కు పెట్టాను. అట్ట మీద 'వాడేవాళ్ళ తప్పులు' అని ఉంటుంది. మెమరీ కార్డును తలకిందులుగా దోపినవాళ్ళు, పెట్టె మీద టీ గ్లాసు పెట్టినవాళ్ళు, ఆయుధపూజకు పెట్టె నిండా పసుపు పూసి బటన్లు బిగుసుకుపోయాయని ఫోన్ చేసినవాళ్ళు, కరెంటు పోతే పెట్టెను కొట్టినవాళ్ళు. అప్పటికి ముప్పై ఏడు. నగరి గుడ్డను ముప్పై ఎనిమిదో తప్పుగా రాసుకున్నాను, పురికొస ఇంకా పూర్తిగా విప్పకముందే.

మా పెట్టెతో ఇచ్చే పుస్తకంలో ఆరో నియమం ఇది: 'డిజైను మార్చే ముందు మగ్గం తప్పనిసరిగా ఆపవలెను.' కాబట్టి రిపోర్టు రాయడం సులువయింది. మొదటి కారణం, మగ్గం నడిపే మనిషి ఆపకుండా బటన్ నొక్కడం. రెండో కారణం, ఆ మనిషికి తగిన శిక్షణ లేకపోవడం, అంటే మొదటిదే. మూడోది కరెంటు హెచ్చుతగ్గులు. అది మా ఓనరు పెట్టించాడు. కాగితం నిండుగా కనబడాలంటాడు. చదివి, సంతోషపడి, కింద స్టాంపు వేశాడు.

"అట్ల రాయల్ల. మన పెట్టె మీదికి మాట రాకూడదు," అన్నాడు.

మూడు వారాల తర్వాత ఇంకో రెండు ముక్కలు వచ్చాయి. అవే నాలుగు పోగులు. ఫోన్లో నగరి మగ్గాల షెడ్డు యజమాని గొంతు ఈసారి మెత్తగా లేదు. వెళ్ళి చూసి రమ్మన్నాడు మా ఓనరు.

రైల్లో నగరికి ఆనుకున్న ఏకాంబరకుప్పంలో దిగి నడిచాను. మగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే వినిపిస్తుంది. షెడ్డులో ఎనిమిది మగ్గాలు. రెండింటికి మా పెట్టెలు. యజమానికి అరవై ఉంటాయి. కళ్ళజోడు మెడలో వేలాడుతుంది. చదవడానికి తప్ప పెట్టుకోడు, చదివేదీ తక్కువే. కానీ కాగితమంటే భక్తి. నా రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి క్యాలెండరు పక్కన మేకుకు తగిలించాడు. స్టాంపు ఉన్న వైపు బయటికి కనబడేట్టు.

"నువ్వు రాసినట్టే చేసినానప్పా. ఆ యమ్మను మగ్గం మీంద నుంచి తీసేసినా," అన్నాడు.

తీసేసిన మనిషి మూలన గోడవారగా కూర్చుని కండెలు చుడుతోంది. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలో పెట్టే చిన్న బొంగులకు దారం ఎక్కించే పని. చూపు తగ్గినవాళ్ళకూ కొత్తగా చేరినవాళ్ళకూ ఇస్తారు. ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా అదే మగ్గం నడిపిందని, ఎనిమిది మగ్గాల చప్పుడు కలిసినా అందులో తన మగ్గం చప్పుడు వేరుగా పట్టేదని, ఇదంతా యజమానే చెప్పాడు, ఒక వస్తువు గురించి చెప్పినట్టు. ఆ మగ్గాన్ని ఇప్పుడు ఆయన బామ్మర్ది నడుపుతున్నాడు. అమావాస్యకు షెడ్డు మూస్తారు. తెరిచాక మగ్గం ఇక బామ్మర్దిదే. అమావాస్య ఎల్లుండి.

ఆ రెండు ముక్కలూ బామ్మర్ది నేసినవే. శిక్షణ లేని మనిషిని తీసేసినా అవే నాలుగు పోగులు పడ్డాయన్నమాట. నేను మాత్రం అలా ఆలోచించలేదు. ఈ షెడ్డులో శిక్షణ లేనివాళ్ళు ఇద్దరున్నారని అనుకున్నాను.

బామ్మర్ది పక్కన నిలబడి చూశాను. బాడీ అయిపోవచ్చింది. అతను మగ్గం ఆపలేదు. నడుస్తున్న మగ్గం మీద చెయ్యి చాచి బటన్ నొక్కాడు. ఆరో నియమాన్ని పేజీ నంబరుతో సహా చెప్పాను. అందరూ అట్లనే నొక్కుతారన్నాడు. అందరూ తప్పు చేస్తే అది ఒప్పవుతుందా అని అడిగాను. ఇలాంటి మాటలు నాకు వెతుక్కోకుండా దొరుకుతాయి.

మూల నుంచి ఆవిడ, చేతిలో తిరుగుతున్న కండె మీద నుంచి తల ఎత్తకుండా అంది: "ఆ పుస్తకం రాసినోడు ఒక్క చీరైనా నేసినాడా, అప్పా?"

"నేనే రాసినానక్కా."

"అదే అడగతా ఉండా."

లేచి వచ్చింది. చెక్కబీరువాలోంచి రెండు చీరలు తీసి, నన్ను షెడ్డు వాకిట్లోకి, ఎండలోకి తీసుకుపోయింది. ఒకటి మగ్గం ఆపి డిజైను మార్చినది, ఇంకొకటి ఆపకుండా మార్చినది. ఆపిన చీరను వెలుతురుకు అడ్డంగా పట్టింది. ఆకుపచ్చకూ ఎరుపుకూ మధ్య సన్నటి గీత, ఈ కొస నుంచి ఆ కొసకు. మగ్గం ఆగినప్పుడు పడుగు బిగువు మారుతుంది, మళ్ళీ మొదలైన తొలి పోగు గట్టిగా పడదు. బాడీ మధ్యలో ఆగితే ఒక పోగు వెనక్కి తిప్పి సర్దుకుంటారు. రంగు మారే చోట ఎంత సర్దినా కనబడుతుంది.

"ఇట్ల గీత పడిన చీరను షాపోడు ఎనక్కి పంపిస్తాడు. నువ్వు చెప్పినట్టు ఆపితే ప్రతి చీరకూ గీతే. ఆపకుంటే ఎప్పుడో ఒగదానికి నీ నాలుగు పోగులు. యాది మేలు?"

మగ్గం ఆపకూడదన్నది ఈ వీధిలో కండె చుట్టడం కంటే ముందు నేర్పే సంగతి. మేం పెట్టె అమ్మడానికి వచ్చినప్పుడు ఎవరినీ అడగలేదు. మగ్గం నడిపేవాళ్ళను అడిగి ప్రోగ్రాము రాయడమా? మా షాపులో బల్ల మీద ఒక మోటారుకు చక్రం బిగించి, దాన్ని మగ్గమని అనుకుని, ఆపి, బటన్ నొక్కి, మళ్ళీ తిప్పి, బాగుందని చెప్పుకున్నాను.

బయట అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. తప్పు దొరకడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. అది ఇంకా అసహ్యంగా అనిపించింది. గంటలు పట్టి ఉంటే కనీసం కష్టమైన తప్పు అనుకునేవాణ్ణి.

లింక్డ్ లిస్ట్ కూడా ఆ పాత చెక్కపలకల గొలుసు లాంటిదే. ఒక్కో పలకకు బదులు మెమరీలో ఒక్కో నోడ్. నోడ్‌లో రెండే సంగతులు: ఈ పోగుకు ఏవి లేవాలి, తర్వాతి నోడ్ ఎక్కడుంది. ఆ రెండోదే పాయింటర్, చిరునామా. మగ్గం ఒక పోగు వేసినప్పుడల్లా నా ప్రోగ్రాములో ఒక వేలు ఒక నోడ్ మీద నుంచి తర్వాతి నోడ్ మీదికి జరుగుతుంది. బటన్ నొక్కితే నేను చేసిన పనులు, వరుసగా: పాత గొలుసు నోడ్లన్నింటినీ మెమరీకి తిరిగి ఇచ్చేయడం. కార్డులోంచి కొత్త డిజైను చదవడం. కొత్త గొలుసు కట్టడం. చివర్న వేలు తీసి కొత్త గొలుసు మొదట్లో పెట్టడం.

మగ్గం ఆగి ఉంటే ఈ వరుసలో దోషం లేదు. మగ్గం నడుస్తుంటే, నేను గొలుసు విప్పి పారేసిన తర్వాత కూడా వేలు దాని మీదే నడుస్తుంటుంది.

తిరుపతిలో లాడ్జి గది ఖాళీ చేసి, తాళంచెవి జేబులోనే పెట్టుకుపోయిన మనిషిని ఊహించుకోండి. కాసేపటికి ఏదో మరిచిపోయానని తిరిగొచ్చి తలుపు తీస్తాడు. ఒక్కోసారి గది అతను వదిలినట్టే ఉంటుంది, దుప్పటి కూడా నలిగినట్టే. అప్పుడు తాను చేసింది తప్పని అతనికి తెలియదు. ఇంకోసారి తలుపు తీస్తే, కొత్తగా దిగిన కుటుంబం గుండ్లకు గంధం రాసుకుంటూ ఉంటుంది. తిరిగి ఇచ్చేసిన మెమరీ అంతే. ఇవ్వగానే చెరిగిపోదు. గుడ్డలో మొదటి రెండు పోగులు దులపని గది. తర్వాతి రెండు, సగం సామాను దించిన కొత్తవాళ్ళు. చాలాసార్లు ఏమీ కాకపోవడం వల్లే ఆ తప్పు ఏడాది పాటు దాక్కుంది.

ఈ తప్పు చేయకూడదని నేను ఇతరులకు బోధించాను. అది చెప్పకుండా దాటేస్తే ఈ రాత అబద్ధమవుతుంది. మా షాపులో పాత ఉద్యోగి ఇదే తప్పు ఇంకో ప్రోగ్రాములో చేస్తే, అతని ముందే, మా ఓనరు వింటుండగా, పలక మీద అంకెలు నేర్పినట్టు నిదానంగా చెప్పాను. అతను పని మానేశాడు. సమర్థత లేనివాడు పోయాడని అనుకున్నాను.

ఓనరుకు ఫోన్ చేశాను. విషయం సగంలోనే అర్థమయింది ఆయనకు, అలాంటివి త్వరగా అర్థమవుతాయి. మగ్గం నడుస్తుంటే బటన్ పనిచేయకుండా ఒక్క వరుస రాసేసి వచ్చేయమన్నాడు. అది నిజంగా ఒక్క వరుసే. అప్పుడు నాలుగు పోగుల తప్పు మాయమవుతుంది, ప్రతి చీరకూ గీత పడుతుంది, గీత మగ్గం నడిపినవాళ్ళ ఖాతాలోకి పోతుంది, ఆరో నియమం గెలుస్తుంది. నా రిపోర్టు మేకు మీద అలాగే ఉంటుంది. నాకు ఆ వరుస టైపు చేయడానికి అరనిమిషం చాలు. చేశాను కూడా. తర్వాత చెరిపేశాను. మంచితనం వల్ల కాదు. అది చెత్త ప్రోగ్రాము, అందులో నా పేరుంది.

లోపల బామ్మర్ది మగ్గం మీద పడుగు అయిపోయింది. కొత్త పడుగు అతకాలి. అతనికి రాదు. వంద పోగులు అతికేసరికి పది తెంపుతాడు. యజమాని మూలకు కేక వేశాడు, ఆవిడ వచ్చింది. పాత పడుగు కొసలను మగ్గంలోంచి లాగెయ్యరు. చివరి మూరెడు అలాగే ఉంచి, ఒక్కో పాత పోగుకు ఒక్కో కొత్త పోగును వేళ్ళతో మెలిపెట్టి అతికిస్తారు. అన్నీ అతికాక, ముడులన్నీ మగ్గం దాటి ఇవతలికి వచ్చాక, పాతది కోస్తారు. ఇలాంటి చోట కళ్ళు తెరుచుకున్నాయని రాసేవాళ్ళంటే నాకు చులకన. నాకేమీ తెరుచుకోలేదు. చెయ్యాల్సిందేమిటో అరుగు మీదే తెలుసు, ఏ వరుసలో రాయాలో కూడా. కొత్త గొలుసు పూర్తిగా కట్టాలి. పాత డిజైను చివరి పోగు పడ్డాక వేలు కొత్తదాని మీదికి దాటాలి. దాటిందని రూఢి అయ్యాక మాత్రమే పాతదాన్ని వదలాలి. ముందే ఎందుకు వదిలానంటే మెమరీ సరిపోదేమోనని. రెండు గొలుసులూ ఒకేసారి పడతాయా అని లెక్క వేశాను. పడతాయి, ఇంకా చోటు మిగులుతుంది. ఏడాది కింద రెండు నిమిషాల్లో వేయాల్సిన లెక్క.

మధ్యాహ్నానికి పెట్టెలో కొత్త ప్రోగ్రాము ఎక్కించాను. యజమానితో, తప్పు ప్రోగ్రాములో ఉందని, మగ్గం నడిపినవాళ్ళది కాదని చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశాడు.

"నోటితో చెప్తే ఎట్లప్పా? కాగితంలో ఆయమ్మ తప్పని రాసినావు. స్టాంపు ఉండాది."

తప్పు అన్న మాట ఎక్కడా రాయొద్దని, 'మెరుగుపరచడమైనది' అని చెప్పి రమ్మని మా ఓనరు ఫోన్ పెట్టేసే ముందు రెండుసార్లు హెచ్చరించాడు. మేకు మీద నుంచి రిపోర్టు తీశాను. మొదటి రెండు కారణాలూ పెన్నుతో కొట్టేశాను. మూడోది కూడా కొట్టేశాను, అది అసలే అబద్ధం. కింద రాశాను: 'ప్రోగ్రాములో తప్పు. రాసింది నేను. మగ్గం ఆపకుండా బటన్ నొక్కవచ్చును.' సంతకం చేశాను. స్టాంపు లేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, స్టాంపు ఉన్న వైపే నా రాత కూడా ఉందని చూసుకుని తృప్తిపడ్డాడు. మళ్ళీ మేకుకు తగిలించి, బామ్మర్దిని పిలిచి కండెల వైపు చెయ్యి చూపించాడు. పడుగు అతకాల్సిన బాధ తప్పినందుకేమో, అతను చకచకా వెళ్ళిపోయాడు.

క్షమించమని నేను ఆవిడను అడగలేదు. మాట నోటిదాకా వచ్చింది గానీ, ఆవిడ అప్పటికే అతకడం ముగించి, మగ్గం పక్క నిలబడి అచ్చు పళ్ళ మధ్య పోగులు సర్దుకుంటోంది. మగ్గం మొదలుపెట్టింది. నడుస్తుండగా బటన్ నొక్కింది. డిజైను మారింది, శుభ్రంగా. మళ్ళీ నొక్కింది. పదకొండుసార్లు మార్చింది, నేను లెక్కపెట్టాను. నాలుగు పోగులు లేవు, గీత లేదు. నేను బ్యాగు భుజాన వేసుకున్నాను.

అప్పుడు కండె అయిపోయింది. మగ్గం ఆగింది. ఆవిడ కొత్త కండె కోసం ఒక చెయ్యి చాచి, రెండో చేత్తో ఆగి ఉన్న మగ్గం మీద బటన్ నొక్కింది. ఇంకోసారి నొక్కింది. మరో నాలుగుసార్లు, తలుపు తీయని ఇంటి ముందు గడియ కొట్టినట్టు. పెట్టె మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగి అలాగే నిలిచిపోయాయి. మగ్గం కదిపితే ఒక్క పోగూ లేవలేదు.

నాకు వెంటనే అర్థమయింది. ఆగిన మగ్గంలో వేలు కొత్త గొలుసు మీదికి దాటదు. దాటకముందే మళ్ళీ నొక్కితే ఇంకో గొలుసు కడతాను, ముందు కట్టినదాని చిరునామా మీద దీని చిరునామా రాసేస్తాను. ముందుది ఎవరికీ అక్కరలేకుండా, ఎవరికీ దొరక్కుండా మెమరీలో పడి ఉంటుంది. అలా ఆరుసార్లకు మెమరీ నిండింది. ఇంకా అడిగితే లేదని జవాబు వచ్చింది. ఆ జవాబును నేను చదవనేలేదు. తిరిగి ఇవ్వని మెమరీ, చూసుకోని జవాబు. రికార్డు పుస్తకం చివరి పేజీ వదిలేసినవాడు చేసినవి సరిగ్గా ఈ రెండే. వాణ్ణి ఇన్నేళ్ళు తిట్టుకున్నాను.

"ఎవురక్కా అట్ల ఆరు తూర్లు నొక్కేది?" అన్నాను. నోరు ఊరుకోలేదు.

"నేనే. ఇప్పుడే నొక్కితిని గదా, సూడలేదా నువ్వు?" కండెను నాడెలో దోపింది. "పని చెయ్యకపోతే ఎవురైనా మళ్ళీ నొక్కుతారు. నువ్వు లిఫ్టు బటన్ ఎన్ని తూర్లు నొక్కుతావు?"

వాకిట్లో ఎండ వాలుతోంది. నా రైలుకు ఇంకా ముప్పావుగంట ఉంది. షాపుకు వెళ్ళి సరిచేసి రేపు పంపిస్తానని అన్నాను. రేపటి తర్వాత అమావాస్య, ఆ తర్వాత షెడ్డు తెరిచేనాటికి ఈ పెట్టె ఇలాగే చచ్చి ఉంటే యజమాని మళ్ళీ ఎవరి వైపు చూస్తాడో నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆవిడ కండెల మూల నుంచి తను కూర్చున్న పీటను కాలితో నా వైపు తోసింది.

"ఈడనే కూచోని చెయ్యప్పా. నేను యాడికీ పోను. మగ్గం కాడనే ఉంటా."

బ్యాగు దించి కూర్చున్నాను. మళ్ళీ నొక్కితే, ఇంకా దాటని గొలుసును ముందు తిరిగి ఇచ్చేలా, లేదన్న జవాబును చదివేలా మార్చి పెట్టెలో ఎక్కించాను. నా రైలు కూత వినిపించినప్పుడు ఆవిడ నడుస్తున్న మగ్గం మీద ఏడోసారి బటన్ నొక్కుతోంది, ఆగిన మగ్గం మీద అప్పటికే ఇరవైసార్లు నొక్కేసింది. దీపాలు మామూలుగానే ఉన్నాయి. నేను లేవబోతే, ఇంకా కాలేదని చేత్తోనే కూర్చోమంది.